కోర్టు నుంచి సమన్లు వస్తే: కుటుంబ కేసుల్లో మనం తెలుసుకోవలసినవి

(అల్ కుసైస్‌లో జరిగిన సభ్యుల కుటుంబ సమావేశంలో మన సొసైటీ వాలంటీర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మీలో చాలామంది ఎరుగుదురు. ప్రసాదం కూపన్ల యాప్ నడవకపోతే ముందు నన్నే తిడతారు కాబట్టి మరిచిపోయే అవకాశం లేదు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, లాయర్ని కాను. ఈ సంగతి ముందే చెబుతున్నాను, చివర్లో ఇంకోసారి చెబుతాను. మరి లాయర్ కానివాడికి ఈ విషయం ఎందుకంటారా? మన కమిటీ పెద్దాయన ఒకరు అడిగారు. "బాబూ, ఈ ఏడాది ముగ్గురు నా దగ్గరికి వచ్చారు, ఫోన్లో కోర్టు కాగితం ఫోటో చూపించి ఇదేమిటో చెప్పమన్నారు. నాకు తెలియదు. నీకు ఆ అనుభవం ఉంది కదా, నలుగురికీ చెప్పు" అన్నారు. ఆ అనుభవం చెప్పుకోవడానికి అంత సంతోషంగా ఉండేది కాదు. అయినా చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక శుక్రవారం ఉదయం మా నాన్నగారు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. పైన కోర్టు పేరు, కింద గుండ్రటి ముద్ర, మధ్యలో నా పేరు. కోర్టు అమీనా ఇంటికి వచ్చి ఇచ్చి వెళ్ళాడట. నాన్న సంతకం పెట్టి తీసుకున్నారు. ఫోటో కింద ఆయన ఒకే మాట రాశారు: "ఏం చేశావురా?"

నేనేం చేయలేదు. మా అక్క, బావ విడిగా ఉంటున్నారు. అక్క తనకూ బాబుకూ మనోవర్తి కావాలని మా ఊరి వైపు కోర్టులో కేసు వేసింది. బావ ఇక్కడే దుబాయ్‌లో ఉద్యోగం. కోర్టుకు ఆయన చెప్పిన జీతం చాలా తక్కువ. ఆయనా నేనూ రెండేళ్ళు ఇదే అల్ కుసైస్‌లో ఒకే ఫ్లాటులో ఉన్నాం. ఆ సంగతి చెప్పడానికి, ఫ్లాటు కాగితాలు తేవడానికి నన్ను సాక్షిగా పిలిపించమని అక్క తరఫు లాయర్ అడిగారు, కోర్టు పిలిచింది. అంతే.

కానీ నాకు అది "అంతే" కాదు. నేను ఎం.టెక్ చేసి ఉద్యోగం వెతుక్కుంటూ విజిట్ వీసా మీద దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకు వచ్చింది బావే. మూడు నెలలు అద్దె అడగకుండా అన్నం పెట్టింది బావే. ఒకవైపు తోబుట్టువు, ఒకవైపు ఆ ఋణం. మూడు రోజులు ఆ ఫోటో తెరవడం, మూయడం. నాలుగో రోజు ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు: "నువ్వు దుబాయ్‌లో ఉన్నావు, వాళ్ళేం చేస్తారు? చూడనట్టు ఉండిపో." ఆ సలహా నాకు ఎంత తీయగా వినిపించిందో చెప్పలేను. మీలో ఎవరికైనా అలాంటి సలహా వచ్చి ఉంటే, వాళ్ళ కోసమే ఈ ప్రసంగం.

సమన్లు అంటే ఏమిటి?

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన బంధువులు దీన్ని సబ్‌పీనా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు "శిక్షకు లోబడి" అని అర్థం. రాకపోతే శిక్ష ఉంటుంది, రండి అని పిలవడం. మన కోర్టుల్లో ఆ మాట వాడరు, సమన్లు అంటారు. కుటుంబ కేసుల్లో మనకు వచ్చే సమన్లు ముఖ్యంగా మూడు రకాలు. చేతికి రాగానే అది ఏ రకమో చూసుకోవడమే మొదటి పని.

ఒకటి, ప్రతివాదికి వచ్చేవి. మీ మీద కేసు పడింది, ఫలానా తేదీన వచ్చి మీ జవాబు చెప్పండి అని. విడాకులు, మనోవర్తి, పిల్లల కస్టడీ కేసుల్లో భర్తకో భార్యకో ముందుగా వచ్చేది ఇదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి. కోర్టు కారణాలు రాసి 90 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. కొన్ని రకాల దరఖాస్తుల్లో గడువు ఇంతకన్నా తక్కువ. కాబట్టి కాగితం మీద ఉన్న తేదీయే మీకు లెక్క.

రెండు, సాక్షికి వచ్చేవి. ఇందులో మీరు నిందితులు కారు, కక్షిదారు కూడా కారు. మీకు తెలిసింది కోర్టుకు చెప్పాలి. నాకు వచ్చింది ఇదే. మా నాన్న "ఏం చేశావురా" అని అడగడానికి కారణం ఈ తేడా తెలియకపోవడమే.

మూడు, డాక్యుమెంట్ కోసం వచ్చేవి. ఫలానా కాగితం మీ దగ్గర ఉంది, తెచ్చి చూపించండి అని. బ్యాంకుకు, ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి, స్కూలుకు, ఆసుపత్రికి కూడా ఇవి వెళ్తాయి. కేవలం కాగితం కోసమే పిలిచినప్పుడు మనిషి స్వయంగా వెళ్ళకుండా ఆ కాగితాన్ని కోర్టుకు చేరేలా చేస్తే సరిపోతుందని కోడ్‌లో 16వ ఆర్డర్, 6వ రూల్ చెబుతుంది. నాకు వచ్చిన సమన్లలో రెండూ ఉన్నాయి: వచ్చి చెప్పాలి, కాగితాలూ తేవాలి.

వీటితో కలిపి చూడకూడనిది వారంట్. అది పోలీసుల ద్వారా అమలయ్యేది. అలాగే క్రిమినల్ కేసులో వచ్చే సమన్ల దారి వేరు. కాగితం పైన కేసు నంబరు ముందు ఏ అక్షరాలు ఉన్నాయో, ఏ చట్టం, ఏ సెక్షన్ అని రాశారో లాయర్‌కు చూపిస్తే ఒక్క నిమిషంలో చెబుతారు.

సముద్రం దాటి ఎలా వస్తాయి?

ఇండియా, యూఏఈ మధ్య 1999లో ఒక ఒప్పందం జరిగింది. సివిల్, వాణిజ్య వ్యవహారాల్లో ఒక దేశపు కోర్టు సమన్లను రెండో దేశంలో అందించడం, సాక్ష్యం సేకరించడం, డిక్రీలను అమలు చేయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ దారిలో వచ్చే కాగితం ప్రభుత్వ శాఖల మీదుగా నెమ్మదిగా వస్తుంది. కానీ అదొక్కటే దారి కాదు. విదేశంలో ఉన్న ప్రతివాదికి పోస్టులో, కొరియర్‌లో, ఈమెయిల్‌లో కూడా పంపడానికి మన కోడ్ ఒప్పుకుంటుంది. ఊళ్ళో ఉన్న ఇంటికి వెళ్ళి, మనిషి లేకపోతే ఆ ఇంట్లో కలిసి ఉండే పెద్దవారికి ఇవ్వవచ్చు. ఆ తర్వాత "నాకు చేరలేదు" అన్న వాదన నిలబడుతుందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు చూసి మనం తేల్చుకునే విషయం కాదు.

ఇక్కడి కోర్టుల సంగతి వేరు. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న యూఏఈ సివిల్ ప్రొసీజర్ చట్టం ప్రకారం రికార్డు చేసిన ఫోన్ కాల్, ఎస్సెమ్మెస్, మొబైల్ యాప్, ఈమెయిల్ ద్వారా కూడా కోర్టు నోటీసు ఇవ్వవచ్చు. అరబిక్‌లో ఏదో మెసేజ్ వస్తే ఆఫర్ అనుకుని డిలీట్ చేసేవాళ్ళం మనలో చాలామందిమి. ఇకమీదట అలా చేయకండి. అరబిక్ చదవగలిగిన సహోద్యోగికి ఒకసారి చూపించండి.

ఇంకొక మాట. అల్ నహ్దాలో రోడ్డుకు ఇటువైపు దుబాయ్, అటువైపు షార్జా. కూరగాయలకు అటు ఇటు నడిచి వెళ్ళి వస్తాం కానీ కోర్టులు మాత్రం వేరు వేరు. ఏ కోర్టు నుంచి వచ్చిందో చూసుకోకుండా దుబాయ్ కోర్టులకు వెళ్ళి అడిగితే పని జరగదు.

అసలుదా, నకిలీదా?

ఈ రోజుల్లో ఈ ప్రశ్న వేయాల్సిందే. "డిజిటల్ అరెస్ట్" పేరుతో మోసాలు ఎన్ని జరుగుతున్నాయో చూస్తున్నాం. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇండియాలో జిల్లా కోర్టుల్లో, ఫ్యామిలీ కోర్టుల్లో నమోదైన కేసులకు సీఎన్ఆర్ నంబర్ అని 16 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఈకోర్ట్స్ వెబ్‌సైటులోగానీ యాప్‌లోగానీ ఆ నంబర్ కొడితే కేసు ఎవరి మధ్య, ఏ కోర్టులో, తర్వాతి వాయిదా ఎప్పుడు అన్నీ కనిపిస్తాయి. నంబర్ లేకపోతే కేసు నంబరుతో, లేదా కక్షిదారుల పేర్లతో వెతకవచ్చు. కాగితం మీద ఉన్న లింకు నొక్కకండి, మీరే సైటు తెరవండి. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి డబ్బు పంపమనేది ఏ కోర్టూ చేయదు. కుటుంబ కేసుల్లో కొన్ని వివరాలు గోప్యత కోసం ఆన్‌లైన్‌లో కనిపించకపోవచ్చు. అప్పుడు ఆ ఊళ్ళో ఒక లాయర్‌ను కోర్టు ఆఫీసుకు పంపి కనుక్కోవాలి. నాన్న పంపిన ఫోటోను నేనూ ఇలాగే సరిచూసుకున్నాను. కేసు ఉంది, తేదీ ఉంది. నకిలీ అయితే బాగుండునని ఆ క్షణంలో అనిపించిన మాట నిజం.

చూడనట్టు ఉండిపోతే?

ప్రతివాది రాకపోతే కోర్టు ఎక్స్‌పార్టీగా, అంటే ఒక పక్షం మాటే విని ముందుకు వెళ్తుంది. అలా వచ్చిన డిక్రీని రద్దు చేయమని అడగవచ్చు. కానీ దానికి గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులే. సమన్లు సరిగా అందలేదని తేలితే మాత్రం, డిక్రీ సంగతి మనకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు లెక్కిస్తారు. మొదటి వాయిదాకు ఒక లాయర్‌ను పంపడానికి అయ్యే ఖర్చు కంటే తర్వాత ఆ డిక్రీని కదిలించడానికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

సాక్షి రాకపోతే వారంట్, ఆస్తి జప్తు, 5,000 రూపాయల వరకు జరిమానా విధించే అధికారం కోడ్‌లోని 32వ సెక్షన్ ఇస్తుంది. విదేశంలో ఉన్నవాడి మీద వెంటనే అమలు చేయడం కష్టమే. కానీ మనం ఎప్పుడో ఒకప్పుడు అమ్మను చూడ్డానికి శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగుతాం కదా. ఇంకో విషయం చాలామందికి తెలియదు. 1967 పాస్‌పోర్ట్ చట్టంలో 10వ సెక్షన్ ప్రకారం, హాజరు కమ్మని కోర్టు సమన్లో వారంటో జారీ చేసినట్టు పాస్‌పోర్ట్ అధికారి దృష్టికి వస్తే పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే, రద్దు చేసే అధికారం ఆయనకు ఉంది. ప్రతి కేసులో అలా చేస్తారని కాదు. మన వీసా, ఉద్యోగం, పిల్లల స్కూలు అన్నీ ఆ చిన్న పుస్తకం మీదే నిలబడి ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

"విమానం ఎక్కేస్తే అయిపోయింది" అన్న పాత నమ్మకం రెండో దిశలోనూ పోయింది. 2020 జనవరి 17న భారత ప్రభుత్వం యూఏఈని కోడ్‌లోని 44ఏ సెక్షన్ కింద పరస్పర దేశంగా ప్రకటించింది. అంటే ఆ జాబితాలో ఉన్న ఇక్కడి కోర్టులు డబ్బు కట్టమని ఇచ్చిన డిక్రీని తీసుకెళ్ళి ఇండియాలో జిల్లా కోర్టులో అమలుకు వేయవచ్చు. దుబాయ్ కోర్టులు ఆ జాబితాలో ఉన్నాయి.

మరి విదేశీ కోర్టు సమన్లు ఇండియాలో ఉన్న భార్యకో భర్తకో వెళ్తే? దీని మీద మన తెలుగువాళ్ళ కేసే పెద్ద తీర్పు అయ్యింది. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి, సుప్రీంకోర్టు, 1991 జూలై 9. పెళ్ళి 1975లో తిరుపతిలో. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నారు. భార్య అక్కడికి వెళ్ళలేదు. ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోవడం లేదని చెబుతూ జవాబు మాత్రం పంపారు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అందులో మనకు కావలసిన మాట ఒకటుంది. నోటీసు అందినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు, అవతలి మనిషి నిజంగా వచ్చి వాదించుకోగలిగే స్థితిలో ఉన్నారా అని చూడాలి, అవసరమైతే ప్రయాణం, బస, కోర్టు ఖర్చులు కేసు వేసినవారితో పెట్టించాలి. ఇక్కడి కోర్టులో కేసు వేసి, ఊళ్ళో ఉన్న మనిషికి ఒక నోటీసు పంపి గెలిచేద్దామనుకునే వాళ్ళు ఈ తీర్పు గురించి తమ లాయర్‌ను అడగాలి. అలా నోటీసు అందుకున్న వాళ్ళు కూడా అడగాలి. ఎందుకంటే వెళ్ళి వాదిస్తే ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్టు అవుతుందా, కాదా అన్నది జవాబు రాసే తీరును బట్టి ఉంటుంది.

వెళ్ళలేని పరిస్థితి ఉంటే?

సమన్లు వచ్చాయంటే ఉన్నపళంగా టికెట్ కొనాలని కాదు. కోర్టుకు చెప్పుకోవడానికి దారులు ఉన్నాయి. మౌనం మాత్రం ఆ దారుల్లో లేదు.

సాక్షిని పిలిపించిన పక్షం అతని రాకపోకల ఖర్చు, బత్తా కోర్టులో కట్టాలి. దూరంలో ఉన్న సాక్షిని స్వయంగా రమ్మనడానికి కూడా పరిమితులు ఉన్నాయి. 16వ ఆర్డర్ 19వ రూల్‌లో మామూలుగా 100 కిలోమీటర్లు, రైలు బస్సు సౌకర్యం ఉంటే 500 కిలోమీటర్లు అని లెక్క ఉంది. విమాన సౌకర్యం ఉండి ఆ చార్జీ కడితే రమ్మనవచ్చు. కమిషన్ ద్వారా సాక్ష్యం తీసుకోమని అడగవచ్చు. వీడియో కాన్ఫరెన్స్ అడగవచ్చు. హైకోర్టుల కోసం తయారైన నమూనా వీడియో కాన్ఫరెన్స్ నియమాల్లో, విదేశంలో ఉన్నవారి దగ్గర సమన్వయకర్తగా భారత కాన్సులేట్ లేదా ఎంబసీ అధికారి ఉంటారని రాశారు. ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోన్ పట్టుకుంటే కుదరకపోవచ్చు. కుటుంబ కేసుల్లో వీడియోను ఎప్పుడు అనుమతించాలన్న దాని మీద 2017లోనే సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. మార్చిలో జబల్‌పూర్, హైదరాబాద్ మధ్య నడిచిన కృష్ణవేణి కేసులో ధారాళంగా ఒప్పుకుంది. అక్టోబర్‌లో శాంతిని కేసులో, రాజీ ప్రయత్నం జరిగేటప్పుడు మనుషులు ఎదురెదురుగా ఉండాలని మెజారిటీ జడ్జీలు అన్నారు. కోవిడ్ తర్వాత వీడియో వాడకం బాగా పెరిగింది. అయినా అది మన హక్కు అనుకోకుండా, దరఖాస్తు పెట్టి అడగాలి.

జీపీఏ ఇచ్చేస్తే చాలని కొందరనుకుంటారు. కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపిన పవర్ ఆఫ్ అటార్నీ ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. దానితో మీ నాన్నగారో అన్నగారో కేసు పనులు చూడగలరు. కానీ మీకు మాత్రమే స్వయంగా తెలిసిన విషయాలకు మీ బదులు వాళ్ళు సాక్ష్యం చెప్పలేరు. భార్యాభర్తల మధ్య జరిగింది మామగారికి ఏం తెలుస్తుంది?

సమన్ల మీద అభ్యంతరం కూడా చెప్పవచ్చు. కేసుకు సంబంధం లేని పదేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగారనుకోండి, లేదా మీకూ మీ లాయర్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలు అడిగారనుకోండి, ఇది ఇవ్వనవసరం లేదని కోర్టుకే చెప్పాలి. మనకు మనమే తీర్పు ఇచ్చుకుని పంపకుండా ఊరుకోకూడదు.

జీతం, ఫోన్, రికార్డింగులు

మనోవర్తి కేసుల్లో గొడవంతా జీతం దగ్గరే. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భార్యాభర్తలు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌గా ఇవ్వాలని ఒక నమూనా పత్రమే ఇచ్చింది. ప్రవాస భారతీయులు అదనంగా ఏం చెప్పాలో అందులో ఉంది. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి ఇవ్వాలని కూడా అదే తీర్పు. కాబట్టి వాయిదాలు సాగదీసినకొద్దీ కట్టాల్సిన బకాయి పెరుగుతుంది. జీతం దాచి అఫిడవిట్ ఇస్తే అబద్ధపు ప్రమాణానికి వేరే చర్యలు ఉంటాయి.

ఇక ఫోన్ల సంగతి. ఇది జాగ్రత్తగా వినండి. భార్యాభర్తల సంభాషణ రహస్యంగా రికార్డు చేసినా వైవాహిక కేసులో దాన్ని సాక్ష్యంగా చూడవచ్చని 2025 జూలై 14న మన సుప్రీంకోర్టు చెప్పింది. అది విని ఇక్కడ ఇంట్లో ఫోన్ రికార్డింగ్ పెట్టేయకండి. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం, 44వ ఆర్టికల్ ప్రకారం అనుమతి లేకుండా సంభాషణ రికార్డు చేయడం, ఫోటో తీయడం, పంచడం నేరం. కనీసం ఆరు నెలల జైలు, లేదా 1,50,000 నుంచి 5,00,000 దిర్హామ్‌ల జరిమానా, లేదా రెండూ. భర్త ఫోన్ భార్య తెరిచినా, భార్య ఈమెయిల్ భర్త తెరిచినా చిక్కే. ఊళ్ళో కేసు గెలవడానికి తీసిన రికార్డింగ్ ఇక్కడ మీ మీదే కేసు అవుతుంది. ఏదైనా సేకరించే ముందు ఇక్కడి లాయర్‌ను అడగండి.

సక్రమంగా మీ దగ్గర ఉన్నవాటిని మాత్రం చెరపకండి. మీకు వచ్చిన మెసేజీలు, బ్యాంకు బదిలీలు, ఎజారీ కాంట్రాక్టు ఉన్నవి ఉన్నట్టు ఉంచండి. స్క్రీన్‌షాట్ తీసి దాన్ని క్రాప్ చేసి నాలుగు గ్రూపుల్లో తిప్పితే దాని విలువ పోతుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడుగుతుంది. అందులో హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ సాక్ష్యం విషయంలో జడ్జికి కొంత వెసులుబాటు ఇస్తుంది. అయినా అసలు ఫైలు చెక్కుచెదరకుండా ఉంచుకోవడం మన చేతిలో పని.

ఇక్కడే కేసు నడిస్తే

యూఏఈలో ముస్లిమేతరులకు 2022 నాటి 41వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం 2023 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే విడాకులు అడగవచ్చు, పిల్లల సంరక్షణ ఇద్దరికీ ఉమ్మడిగా ఉంటుంది. తమ దేశపు చట్టం వర్తింపజేయమని అడిగే వీలు కూడా ఉంది. మన పెళ్ళి హిందూ వివాహ చట్టం కింద జరిగింది కాబట్టి, ఇక్కడి తీర్పు ఊళ్ళో ఎంతవరకు చెల్లుతుందన్నది ఇందాక చెప్పిన తిరుపతి కేసు తీర్పు దగ్గరికే వస్తుంది. తొందరగా అయిపోతుందని ఇక్కడ మొదలుపెట్టే ముందు రెండు చోట్లా లాయర్‌ను అడగండి. తెలుగు, ఇంగ్లిష్ కాగితాలు ఇక్కడి కోర్టులో పెట్టాలంటే సాధారణంగా లైసెన్సు ఉన్న అనువాదకుడితో అరబిక్ చేయించాలి. దానికి పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోండి.

నా సంగతి

ఐదో రోజు అమ్మ ఫోన్ చేసింది. అక్క వైపు చెప్పమంటుందని అనుకున్నాను. "నువ్వు ఎవరి తరఫునా వెళ్ళకు. నీకు తెలిసింది చెప్పి రా" అంది. నేను బావకు ఫోన్ చేసి చెప్పాను: సమన్లు వచ్చాయి, వెళ్తున్నాను. సాక్ష్యం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు, మాట్లాడకూడదని లాయర్ ముందే చెప్పారు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "సరే" అని పెట్టేశారు.

సెలవు పెట్టి వెళ్ళాను. ఎజారీ కాగితం, రెండేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్ళాను. ఫ్లాటు అద్దె ఏడాదికి నాలుగు చెక్కులు నా పేరు మీద వెళ్ళేవి, సగం బావ నా అకౌంటుకు పంపేవారు. అదే చెప్పాను. అక్క తరఫు లాయర్ అడిగారు: "ఆయన జీతం ఎంత?" ఎంతో అంచనా వేయగలను. కానీ జీతం స్లిప్పు నేనెప్పుడూ చూడలేదు. "నాకు తెలియదండీ" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. వెనకాల కూర్చున్న అక్క తల వంచుకుంది. తర్వాత బావ తరఫు లాయర్ లేచారు. "సొంత అక్క కాబట్టి చెబుతున్నారు కదా?" అన్నారు. "సొంత అక్కేనండీ. కానీ బ్యాంకు కాగితం అక్క రాసింది కాదు" అన్నాను. నాకు మొదట పెట్టిన అన్నం గురించి ఎవరూ అడగలేదు. అడిగితే అదీ చెప్పేవాణ్ణి.

అక్క ఆ రోజు సాయంత్రం వరకు నాతో మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర పెరుగు వడ్డిస్తూ, "తెలియంది చెప్పలేదు, మంచిదే" అంది. నాకు తెలిసి ఆ మాట అనడానికి తనకు చాలా కష్టమైంది. కొన్నాళ్ళకు కోర్టు మనోవర్తి ఖరారు చేసింది. నా సాక్ష్యం వల్ల ఎంత, అఫిడవిట్ల వల్ల ఎంత అన్నది నాకు తెలియదు. బావ ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉంటారు. సూపర్‌మార్కెట్లో ఎదురుపడితే తలూపుతారు, నేనూ తలూపుతాను. బాబు బాగా చదువుతున్నాడని ఒకసారి చెప్పాను. నిలబడి విన్నారు.

మనం చేయగలిగింది

మన సొసైటీలో ఎవరింట్లోనైనా ఈ కష్టం వస్తే, ఇద్దరూ మనవాళ్ళే. "అలా చెప్పు, ఇలా చెప్పు" అని సాక్షికి నేర్పకండి. పిల్లల్ని "అమ్మ మంచిదా, నాన్న మంచివాడా" అని గుడి మెట్ల మీద అడగకండి. ఫ్యామిలీ కోర్టు కూడా ముందు రాజీకి ప్రయత్నించాలని చట్టమే చెబుతుంది. కాబట్టి కోర్టు పిలుపు వచ్చిందంటే ఆ సంసారం ముగిసిందని మనం ప్రకటించనక్కర్లేదు. మనం చేయగలిగింది చిన్నది: కాగితం వచ్చిన వాళ్ళతో కూర్చుని తేదీ రాసిపెట్టడం, కేసు నంబర్ సరిచూడటం, లాయర్ దగ్గరికి తోడు వెళ్ళడం. లాయర్ ఫీజు కట్టలేని కార్మిక సోదరులు ఉంటే, కాన్సులేట్ ఆధ్వర్యంలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో న్యాయ సలహా గురించి అడగవచ్చు.

మళ్ళీ చెబుతున్నాను, నేను లాయర్ని కాను. చట్టాలు మారతాయి, ప్రతి కేసు వేరు. నేను చెప్పినదాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్ళకండి, లాయర్ దగ్గరికి వెళ్ళండి. కానీ కాగితాన్ని దేవుడి గూట్లో పటం వెనక దాచకండి. మా నాన్నగారు అలా దాచి ఉంటే నాకు ఆ వాయిదా సంగతే తెలిసేది కాదు.

 ప్రశ్నలున్నవాళ్ళు ప్రసాదం తీసుకున్నాక వెనక వరుసలో కలవండి. ఫోన్లో ఫోటోలు ఉంటే అందరి ముందూ చూపించకండి, పక్కకు వెళ్ళి చూద్దాం. నమస్కారం.